తప్పంతా మూడో ఇంజెక్టర్‌ది

"బాగాలేదు" అనే మాట మా ఆయన నోట్లోంచి రాదు. అది ఆయన సుగుణమని మా అత్తగారి వైపు వాళ్ళంతా మురిసిపోతారు. ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషిగా నేను దాన్ని జబ్బు అంటాను. హోటల్లో దోసె చెప్తే ఉప్మా తెచ్చిపెట్టినా ఆయన మారు మాట్లాడకుండా తినేస్తారు. ఎలా ఉంది సార్ అని సర్వరు అడిగితే "చాలా బాగుందండీ" అని లేస్తారు. ఒకసారి బందరు రోడ్డులో ఒక పెళ్ళికి వెళ్ళి, పక్కపక్కనే ఉన్న రెండు కళ్యాణ మండపాల్లో పొరపాటున రెండో దాంట్లోకి నడిచారు. గుమ్మంలో ఎవరో పన్నీరు చల్లి "రండి రండి బాబాయిగారూ" అన్నారట. అంత ఆప్యాయంగా పిలిచిన వాళ్ళతో నేను మీ బాబాయిని కాదని ఎలా అంటాం? లోపలికి వెళ్ళి అక్షింతలు వేసి, కవరు చేతిలో పెట్టి, భోజనం చేసి, వాళ్ళ కుటుంబంతో ఫోటో కూడా దిగి వచ్చారు. మేం నిజంగా వెళ్ళాల్సిన పెళ్ళివాళ్ళు ఇప్పటికీ మా మీద కోపంగానే ఉన్నారు.

నేను అలాంటి దాన్ని కాదు. గన్నవరం అవతల ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. తప్పు కనపడితే ఎర్ర పెన్ను దానంతటదే లేస్తుంది. మా ఇంటికి వచ్చిన పెళ్ళిపత్రికల్లో కూడా తప్పులు దిద్దిన చరిత్ర నాది. అలాంటి నేను, ఒక పాత కారు విషయంలో, మూడు నెలల పాటు అబద్ధం మీద అబద్ధం ఆడాను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ సిగ్గూ కలిసి వస్తాయి.

ఆ కారు మాది పద్దెనిమిదేళ్ళ నాటి డీజిల్ బండి. కంప్యూటర్లూ సెన్సర్లూ లేని కాలం సరుకు. నాలుగు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక్కో ఇంజెక్టర్, వాటన్నిటికీ డీజిల్ తోసే ఒక పంపు, అంతే. ఇంజెక్టర్ చేసేదల్లా డీజిల్‌ని సన్నటి తుంపరగా సిలిండర్లోకి కొట్టడం. దాని ముక్కు, అంటే నాజిల్, అరిగిపోతే తుంపర బదులు ధార కారుతుంది. అప్పుడు ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది, పొగ కక్కుతుంది, అలాగే వదిలేస్తే చివరికి పిస్టన్‌కి చిల్లు పడుతుంది. నలభై ఆరేళ్ళ వయసులో నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ఆ బండి మీదే కాబట్టి దాని మీద నాకు మమకారం ఉంది. భవానీపురం నుంచి గన్నవరం దాకా రోజూ నన్ను మోసేదీ అదే.

ఆ మార్చి మొదట్లో ఒక పొద్దున స్టార్ట్ చేయగానే టక్ టక్ మని కొట్టుడు మొదలైంది. వెనక నుంచి పొగ మేఘంలా లేచింది. మా వీధిలో వాళ్ళు మున్సిపాలిటీ దోమల మందు బండి వచ్చిందనుకుని గబగబా కిటికీలు తెరిచారు. వారం రోజులు పోయాక ఎదురింటావిడ నన్ను ఆపి, దోమలు బాగా తగ్గాయండీ, మీరు సాయంత్రం కూడా ఒకసారి తిప్పితే బాగుంటుంది అంది. నేను అరుద్దామనుకునే లోపు మా ఆయన "తప్పకుండానండీ" అనేశారు. అన్నమాట ప్రకారం మూడు రోజులు సాయంత్రాలు వీధి చివరి దాకా తిప్పి తెచ్చారు కూడా.

చివరికి బండిని ఆటోనగర్‌లో మేస్త్రిగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన్ని గురించి కాస్త చెప్పాలి. డెబ్బై దగ్గర పడిన ముస్లిం పెద్దాయన. ఆ బండిని మేం కొన్నప్పటి నుంచీ ఆయన చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి దాని మీద పడలేదు. ఆయన గొప్పతనమంతా చెవిలో ఉండేది. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొసని ఇంజన్ మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవారు. ఫలానా నంబరు ఇంజెక్టర్ అనేవారు. తీసి చూస్తే అదే అయి ఉండేది. గుడివాడ నుంచీ ఉయ్యూరు నుంచీ బండ్లు వచ్చేవి. రాలేని వాళ్ళు ఫోన్ చేసి, బానెట్ ఎత్తి, ఫోన్ ఇంజన్ దగ్గర పెట్టేవాళ్ళు. కూతుళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళు చేసి, భార్య పోయాక, ఆయనకి మిగిలినవి ఆ షెడ్డూ ఆ చెవి మీదున్న పేరూ మాత్రమే.

పాడైన ఇంజెక్టర్‌ని పట్టుకోవడానికి ఇంకో పద్ధతి కూడా ఉంది. ఇంజన్ నడుస్తుండగా ఒక్కొక్క ఇంజెక్టర్‌కి వెళ్ళే పైపు నట్టు కొంచెం వదులు చేస్తారు. బాగున్న దాన్ని వదులు చేస్తే ఇంజన్ తడబడుతుంది. పాడైన దాన్ని వదులు చేస్తే ఇంజన్ ఏమీ అనుకోదు, పైగా కొట్టుడు ఆగిపోతుంది. పసిపిల్లలకు కూడా అర్థమయ్యే పద్ధతి. మేస్త్రిగారికి మాత్రం అదంటే చులకన. "అది చెవులు లేనోళ్ళు చేసే పనమ్మా," అనేవారు.

ఆ రోజు కూడా స్క్రూడ్రైవర్ పెట్టి విన్నారు. మామూలుగా అర నిమిషం వినే మనిషి ఐదు నిమిషాలు విన్నారు. "మూడు," అన్నారు. మూడో ఇంజెక్టర్ విప్పి, కొత్త నాజిల్ వేయించి, మళ్ళీ బిగించి, స్టార్ట్ చేశారు. టక్ టక్. ఇసుమంత కూడా తేడా లేదు.

"ఎట్టా ఉందండీ ఇప్పుడు?" అన్నారు మేస్త్రిగారు మా మొహాల్లోకి చూస్తూ.

మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు. "అబ్బ, హాయిగా ఉందండీ. చప్పుడే లేదు," అన్నారు. ఆ టకటకలో ఆ మాట నాకే సరిగ్గా వినపడలేదు. మేస్త్రిగారు నా వైపు తిరిగారు. ఆ చూపులో ఏదో ఆదుర్దా ఉంది. "బాగుందండీ," అన్నాను. నా జీవితంలో చప్పుడు లేని శూన్యంలో చప్పుడు ఉందని రాసిన పిల్లలకి సున్నాలు వేశాను. చప్పుడు ఉన్న చోట లేదన్నది మాత్రం అదే మొదటిసారి.

ఇంటికి వస్తూ దారంతా దెబ్బలాడుకున్నాం. "మీరు చెప్పొచ్చుగా?" అన్నాను. "నువ్వు చెప్పొచ్చుగా? ఫిజిక్స్ నీది," అన్నారాయన. కనకదుర్గ ఫ్లైఓవర్ మీద మా వెనకాల వచ్చే స్కూటర్లన్నీ పొగకి తట్టుకోలేక హారన్లు కొడుతున్నాయి. ఆయన అద్దం దించి ఒక్కొక్కరికీ దణ్ణం పెట్టి క్షమాపణలు చెప్పుకుంటూ వచ్చారు.

పది రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాం. కానీ బాగు కాలేదని చెప్పకుండా బాగు చేయించుకోవడం ఎలా? ఊరికే ఇటుగా పోతూ పలకరిద్దామని వచ్చామన్నాం. వట్టి చేతుల్తో పలకరింపేమిటని మా పొలంలో పండిన మినుములు ఒక సంచి పట్టుకెళ్ళాం. ఎలాగూ వచ్చాం కదా, ఒకసారి వింటారా అన్నారు మా ఆయన, పాట వినమన్నట్టుగా. మేస్త్రిగారు విన్నారు. "మూడు బ్రహ్మాండంగా ఉంది. మీకేమన్నా తేడా అనిపిస్తందా?" అన్నారు. "అబ్బే అబ్బే," అన్నాం ఇద్దరం.

రెండోసారి బందరు లడ్డూలు. మూడోసారి నూజివీడు రసాలు, ఒక బుట్ట.

ఆ మూడోసారి నాకు సంగతి అర్థమైంది. మేస్త్రిగారు బానెట్ మీదికి వంగి వింటున్నారు. వెనక ఒక లారీ రివర్సులో వస్తోంది. క్లీనరు అరుస్తున్నాడు, రివర్స్ హారన్ కీచుమంటోంది, పక్క షెడ్డు వాళ్ళు కూడా కేకలేస్తున్నారు. ఆయన కదల్లేదు. కళ్ళు మూసుకుని, స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని, ప్రశాంతంగా నిలబడి ఉన్నారు. మా ఆయన పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నారు. అప్పుడు కూడా "లారీ" అనలేదు. "మేస్త్రిగారూ, ఇట్లా రండి, టీ తాగుదాం," అన్నారు. ఇద్దరూ టీకొట్టు వైపు నాలుగడుగులు వేశాక లారీ వాళ్ళు నిలబడిన చోటికి వచ్చి ఆగింది.

వయసు మీద పడితే ముందు పోయేవి సన్నటి శబ్దాలు. ఇది నేను క్లాసులో ఏటా చెప్పే మాట. మేస్త్రిగారికి ఎదురుగా మనం మాట్లాడితే తెలుస్తోంది, కొంత చెవితో, కొంత మన పెదాలు చూసి. ఇంజన్ కొట్టుడు మాత్రం తెలియడం లేదు. అందుకే బండి కంటే ఎక్కువగా మా మొహాలు చూస్తున్నారు. ఆ రోజు నాకు దుఃఖం వచ్చింది. ఆ చెవి పోయిందని ఆయనకి చెప్పడమంటే నువ్వు ఇంక లేవు అని చెప్పడమే అనుకున్నాను. ఎవరు చెప్తారు? నేను చెప్పను. బండి ఏమైతే అది కానీ అనుకున్నాను.

బండి అంత పెద్ద మనసు చేసుకోలేదు. జూన్‌లో కాలేజీ తెరిచిన వారంలో గన్నవరం దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయింది. రోడ్డు పక్కనే ఒక షెడ్డు కనిపించింది. దాన్ని నడుపుతున్నది నలభై ఏళ్ళు దాటిన మనిషి. బండిని షెడ్డులోకి తోయించి, ఎలాగో స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తగానే అతని మొహం మారిపోయింది.

"ఇది ఉస్తాద్ చెయ్యి కదండీ," అన్నాడు. పైపులు బిగించిన తీరు చూసి గుర్తుపట్టాడు. మా మేస్త్రిగారి దగ్గరే పన్నెండేళ్ళు పని నేర్చుకున్నాడట. "ఏమన్నారు ఉస్తాద్?"

"మూడు అన్నారు."

అతను పానా తీసుకుని ఒక్కొక్క పైపు నట్టు వదులు చేశాడు. ఒకటి. ఇంజన్ తడబడింది. బిగించాడు. రెండు. ఇంజన్ తడబడలేదు, కొట్టుడు టక్కున ఆగిపోయింది. బిగించాడు, మళ్ళీ మొదలైంది. మూడు, తడబడింది. నాలుగు, తడబడింది. పానా తుడిచి పక్కన పెట్టి, బానెట్ దించి, చాలాసేపు రోడ్డు వైపు చూశాడు.

"మూడే అయ్యుండిద్దండీ," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏవయ్యా, రెండు వదులు చేస్తే కదా కొట్టుడు ఆగింది?"

"ఆగిందండీ."

"అంటే పోయింది రెండు."

"ఆ మాట మీరు అనొచ్చండీ. నేను అనకూడదు."

అప్పుడు చెప్పాడు. ఉస్తాద్ చెవి పోయిన సంగతి ఆటోనగర్ మొత్తానికి తెలుసట. పోయి ఒకటిన్నర రెండేళ్ళు అయిందట. ఎవరూ చెప్పలేదు. ఆయన బాగు చేసిన బండ్లు బాగవ్వవు. బండివాళ్ళు "చాలా బాగుందండీ" అని చెప్పి, మలుపు తిరగ్గానే ఇంకో షెడ్డులోకి దూరతారు. అక్కడ వాళ్ళు గుట్టుగా బాగు చేస్తారు. నాలుగు రోజులయ్యాక బండివాళ్ళు మళ్ళీ వెళ్ళి, మీ చేతి చలవండీ అని చెప్పి వస్తారు. మొత్తం ఆటోనగర్ ఒక మాట మీద నడుస్తోంది. ఇన్నాళ్ళూ మా ఆయనది ఒక్కరి జబ్బు అనుకున్నాను. కృష్ణా జిల్లా అంతా పాకి ఉందని నాకప్పుడే తెలిసింది.

"సరే, నువ్వూ గుట్టుగా బాగు చెయ్యి," అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. మిగిలిన వాళ్ళు చేస్తారు గానీ తను చెయ్యడట. ఉస్తాద్ చెయ్యి పడిన బండికి శిష్యుడు సామాను మార్చకూడదు, అది అతను పెట్టుకున్న నియమం. బండి మాత్రం ఇలా వదిలేస్తే పిస్టన్ పోతుందని కూడా అతనే చెప్పాడు. ఇద్దరం చెరో స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ ఆలోచించాం. అతనికే తట్టింది.

"సామాను మార్చనండీ. ఉన్న సామానునే అటూ ఇటూ జరుపుతా. అందులో తప్పు లేదు."

పోయిన రెండో ఇంజెక్టర్‌ని విప్పి మూడో స్థానంలో పెట్టాడు. బాగున్న మూడోదాన్ని తెచ్చి రెండో స్థానంలో పెట్టాడు. కింద రాగి వాషర్లు మాత్రం కొత్తవి వేశాడు. "వాషర్లు సామాను కిందికి రావు మేడమ్," అని నాకు సంజాయిషీ ఇచ్చుకున్నాడు. మళ్ళీ పైపులు వదులు చేసి చూశాడు. ఇప్పుడు మూడు వదులు చేస్తే కొట్టుడు ఆగుతోంది. "చూశారా, ఉస్తాద్ ఎప్పుడో చెప్పారు, మూడు అని," అన్నాడు సంతృప్తిగా.

పరీక్షలో తప్పు రాసిన పిల్లవాడి కోసం ప్రశ్నాపత్రం మార్చినట్టు, ఆ పెద్దాయన జవాబుకి సరిపోయేలా ఇంజన్‌నే మార్చాం. నేను ఫిజిక్స్ చెప్పే మనిషిని. దానికి చప్పట్లు కొట్టినంత పని చేశాను.

ఇంక మిగిలిన పని సులువు. బాగు కాలేదు అని ఎవరూ అనలేరు గానీ, మళ్ళీ మొదలైంది అని ఎవరైనా అనొచ్చు. అందులో ఎవరి తప్పూ లేదు. ఆదివారం పొద్దున్నే మా ఆయనా నేనూ బండి వేసుకుని ఆటోనగర్ వెళ్ళాం. అనుకోకుండా వచ్చినట్టు శిష్యుడు కూడా అప్పటికే అక్కడ ఉన్నాడు. ఏ పనీ లేనట్టు ఒక టైరు మీద కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు.

"మేస్త్రిగారూ, మూడు నెలలు అద్భుతంగా ఉందండీ. నిన్నట్నుంచి మళ్ళీ మొదలైంది," అన్నారు మా ఆయన. నేర్పిన మాట చక్కగా అప్పజెప్పారు.

మేస్త్రిగారు బానెట్ ఎత్తారు. స్క్రూడ్రైవర్ అడగలేదు. స్టార్ట్ చెయ్యమనలేదు. కొంచెంసేపు ఇంజన్ వైపు చూసి, "రెండు," అన్నారు.

ముగ్గురం బిగుసుకుపోయాం.

"మూడు ఏమోనండీ," అన్నాడు శిష్యుడు నెమ్మదిగా.

"మూడు కాదురా. రెండు."

"ఒకసారి వినండి ఉస్తాద్. పోయినసారి మూడు అన్నారు గదా."

"ఔనండీ, పోయినసారి మీరే మూడు అన్నారు," అన్నారు మా ఆయన. "మూడు అన్నాక మేమంతా మూడు మీదే ఉన్నామండీ." జీవితంలో ఆయన ఒక బయటి మనిషితో విభేదించడం అదే మొదటిసారి చూశాను. అదీ మా బండి విషయంలో ఆ మనిషి ఇన్ని నెలలకి సరైన జవాబు చెప్పినప్పుడు. నిజానికి ఇప్పుడది సరైన జవాబూ కాదు. మేమే దాన్ని తప్పు చేసి తెచ్చాం. నాకు నవ్వు తన్నుకొస్తోంది, భయం కూడా వేస్తోంది.

"మినుములు, లడ్డూలు, మామిడిపళ్ళు," అన్నారు మేస్త్రిగారు రెండో పైపు విప్పుతూ. "బాగైన బండికి ఎవురూ ఇన్నిసార్లు ఇన్ని తేరమ్మా. రాత్రుళ్ళు పడుకుని ఆలోచించా. మూడు కాకపోతే దాని పక్కది. రెండూ మూడూ నడిమధ్యలో ఉంటయ్యి. చెవి మోసం చేస్తే అక్కడే చేసిద్ది."

ఆయన రెండో ఇంజెక్టర్‌ని బయటికి తీశారు. గుడ్డతో తుడిచారు. బొటనవేలు దాని ఒంటి మీద ఒకచోట పెట్టి ఆగిపోయారు. తను విప్పే ఇంజెక్టర్ల మీద ఏ సిలిండర్‌దో తెలిసేలా సన్నటి పంచ్ చుక్కలు కొట్టడం ఆయన అలవాటట. ఆ సంగతి నాకు తెలియదు. శిష్యుడికి తెలుసు, కానీ అతని మొహం చూస్తే ఆ క్షణంలోనే గుర్తొచ్చినట్టుంది. ఆయన వేలి కింద మూడు చుక్కలు ఉన్నాయి.

మూడో ఇంజెక్టర్ కూడా విప్పారు. దాని మీద రెండు చుక్కలు.

రెండు చేతుల్లో రెండూ పట్టుకుని శిష్యుడి వైపు చూశారు. అతను టైరు మీద నుంచి లేచి నిలబడ్డాడు. మా ఆయన "మేస్త్రిగారూ, టీ తాగుదామా," అన్నారు.

"ఎందుకు చేశావురా?"

"మీ మాట పోకూడదనండీ," అన్నాడు అతను, చేతులు కట్టుకుని.

మేస్త్రిగారికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అతను లేచిన టైరు మీద తనే కూర్చున్నారు. "ఇట్టా ఎంతమంది చేస్తన్నారు?" అన్నారు. శిష్యుడు తల దించుకున్నాడు. "ఎన్ని బండ్లు?" అన్నారు మళ్ళీ. పక్క షెడ్డులో సుత్తి దెబ్బలు మాత్రం ఆగకుండా వినపడుతున్నాయి. ఆయనకి అవైనా వినపడుతున్నాయో లేదో నాకు తెలియదు.

తర్వాత నా వైపు తిరిగారు.

"అమ్మా, మీరు పిల్లకాయలకి పాఠాలు చెప్తారు గదా. వాళ్ళు తప్పు చేస్తే చెప్పరా?"

"చెప్తానండీ."

"మరి నాకెందుకు చెప్పలా?"

మీరు బాధపడతారని, అన్నాను. చాలా చిన్నగా అన్నాను. ఆయన పెదాలు చూసి అర్థం చేసుకున్నారు.

"చెవి తగ్గిందని నాకు తెలవదనుకున్నారా? రెండేళ్ళ నుంచీ తెలుసు. అందుకేగా ప్రతివోళ్ళనీ ఎట్టా ఉందండీ, ఎట్టా ఉందండీ అని అడుగుతున్నా. నాకు వినపడకపోయినా మీకు వినపడిద్ది గదా అనుకున్నా. మీరు బాగుందంటే బాగుందనుకున్నా. చెవి తగ్గినా చెయ్యి తప్పట్లేదని ఇన్నాళ్ళూ అల్లాకి మొక్కుకున్నా తల్లీ."

నాకు కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆయన చెవిని కాపాడుతున్నామనుకుని, ఆయనకి మిగిలిన చెవులు మేమే మూసేశాం. మా మర్యాద ఎంత క్రూరంగా ఉందో అప్పుడు తెలిసింది. నా పక్కన మా ఆయన జేబురుమాలు తీసి కళ్ళు ఒత్తుకుంటున్నారు.

మేస్త్రిగారు లేచారు. రెండు చుక్కల ఇంజెక్టర్‌ని చేతిపంపు ఉన్న పరీక్ష మిషనుకి బిగించి మీట నొక్కారు. తుంపర రాలేదు. జలుబు చేసిన పిల్లాడి ముక్కులా చుక్కలు చుక్కలుగా కారింది. "ఇది కంటికి కనపడిద్ది. దీనికి చెవి అక్కర్లా. మొదటిరోజే నాలుగూ తీసి దీని మీద పెట్టాల్సింది. పొగరు నాది," అన్నారు. కొత్త నాజిల్ వేశారు. ఏ చుక్కలది ఆ స్థానంలో పెట్టారు. శిష్యుడు పక్కనుండి పానాలు అందించాడు. పైపుల్లో గాలి తీశారు. స్టార్ట్ చెయ్యమని మా ఆయనకి సైగ చేశారు.

ఇంజన్ అందుకుంది. ఆ మూడు నెలల టక్ టక్ పోయింది. పొగ కూడా సన్నబడింది.

"ఎట్టా ఉంది?" అన్నారు మేస్త్రిగారు.

మా ఆయన కిటికీలోంచి తల బయట పెట్టి, "చాలా బా..." అన్నారు.

"మిమ్మల్ని కాదు సార్," అని నా వైపు తిరిగారాయన.

నేను బానెట్ మీదికి వంగి విన్నాను. చాలాసేపు విన్నాను. బాగుంది. నిజంగానే చాలా బాగుంది. కానీ లోపల ఎక్కడో, నాలుగో దాని వైపు, సన్నగా, ఉండుండి, ఒక చిన్న టిక్కు ఉంది. లేదనుకుంటే లేదు. శిష్యుడికి కూడా వినపడిందని అతని కనుబొమలు చూస్తే తెలిసింది. అతను నాకేసి బతిమాలుతున్నట్టు చూశాడు. ఈ ఒక్కరోజుకీ వదిలేయండి మేడమ్ అన్నట్టుంది ఆ చూపు. మేస్త్రిగారి కళ్ళు నా పెదాల మీద ఉన్నాయి.

"ఇంకా కొంచెం కొడుతోందండీ," అన్నాను.

ఆయన కళ్ళు చిట్లించారు. నేను సగం మాట మింగేశాను కాబోలు, పెదాలు సరిగ్గా కదిలినట్టు లేవు. చెయ్యి చెవి వెనక పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"గట్టిగా చెప్పండమ్మా. వినపడట్లేదు."

రెండేళ్ళుగా, ఆ పూట దాకా, ఆటోనగర్‌లో ఎవరి ముందూ ఆయన అనని మాట అది. అంత మామూలుగా అనేశారు. నేను ఊపిరి పీల్చుకుని, నా క్లాసులో ఆఖరి బెంచీకి కూడా ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాను.

"ఇంకా కొడుతోందండీ! నాలుగోది! బాగు కాలేదు!"

చుట్టుపక్కల షెడ్లలో సుత్తులు ఆగిపోయాయి. బండ్ల కింద పడుకున్న వాళ్ళు తలలు బయటపెట్టి చూశారు. మేస్త్రిగారు వాళ్ళందరి వైపూ ఒకసారి నింపాదిగా చూసి, నా వైపు తిరిగి తల ఊపారు.

"అట్టా చెప్పాల," అని నాలుగో పైపు మీద పానా వేశారు.